వాక్యమును కంఠత చేయుట

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, కీర్తన 119:9–16



గత నెలలో ఒక సహోదరుడు ఆరాధన ముగిసిన తరువాత నన్ను ప్రక్కకు పిలిచి అడిగిన ప్రశ్నయే ఈ పాఠమునకు కారణము. ఆయన అనుమతితోనే వ్రాయుచున్నాను. ఆయన తల్లి వృద్ధురాలు. చదువు రాదు. అయినను ఆమెకు వచ్చినన్ని కీర్తనలు నాకును రావు. ఇప్పుడామె కన్నకొడుకునే, "ఎవరబ్బాయివి నాయనా?" అని అడుగుచున్నది.

"అయ్యగారూ, వాక్యము కంఠత చేసినవారికి మతిమరుపు రాదని మీరే చెప్పితిరి గదా. మరి అమ్మకెందుకు వచ్చినది? ఆమె విశ్వాసములో లోపమున్నదా?" అని ఆయన అడిగెను.

నేనట్లు చెప్పిన మాట నిజమే. సండే స్కూలు పిల్లలను ప్రోత్సహింపవలెనను ఉత్సాహములో చెప్పితిని. అది సరికాదని ఒప్పుకొనుచున్నాను.

అమెరికా దేశపు మానసిక శాస్త్రజ్ఞుడు విలియం జేమ్సు ఈ సంగతిని తనమీదనే పరీక్షించుకొని 1890లో ప్రకటించెను. ఒక కావ్యములో 158 పంక్తులు నేర్చి, తరువాత 38 దినములు మిల్టను కావ్యములోని మొదటి భాగమును కంఠత చేసి, మరల మొదటి కావ్యమునుండి మరి 158 పంక్తులు నేర్చెను. ఈసారి సమయము తగ్గలేదు, కొంచెము పెరిగెను. ఒకటి కంఠత చేసినంత మాత్రమున జ్ఞాపకశక్తి అంతయు పెరుగదని ఆయన గ్రహించెను. మన దేశములో చిన్ననాటినుండి ఏండ్ల తరబడి వల్లించిన 21 మంది వేదపండితుల మెదళ్లను స్కానింగు చేసి, 2016లో ఒక పరిశోధన ప్రచురించిరి. జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపస్ అను భాగములో వారికి ఇతరులకంటె వృద్ధి కనబడెను. అయితే వల్లించుటవలననే అది పెరిగెనో, అట్టి మెదడు గలవారే ఆ చదువులో నిలిచిరో ఒక్కసారి తీసిన చిత్రమువలన తేలదు. మతిమరుపు రోగము రాదని అందులో రుజువు కాలేదు.

కాబట్టి ఆ సహోదరునితో ఇట్లంటిని: ఇది మెదడుకు పట్టిన రోగము, అవిశ్వాసము కాదు. ముందు డాక్టరుకు చూపించుడి. థైరాయిడు లోపమువలనగాని, బి12 విటమిను లోపమువలనగాని కలిగిన మరపైతే మందులతో మేలు కలుగవచ్చును.

మరునాడు వారి యింటికి వెళ్లితిని. ఆమె నన్ను గుర్తింపలేదు. ప్రక్కన కూర్చుండి 23వ కీర్తన మొదలు పెట్టగా, ఆమె పెదవులు కదలెను. నడుమ నేనొక మాట తప్పితిని, ఆమె దిద్దినది! ఇట్టి రోగములో తరచుగా నిన్నటి సంగతి ముందు పోవును, చిన్ననాడు వేలసార్లు పలికినది చాలకాలము నిలుచును. కొడుకు గుమ్మములో నిలువబడి కన్నీరు తుడుచుకొనెను.

అయితే నిలుచునట్లు నేర్చుకొనుట ఎట్లు? 119వ కీర్తన చూడుడి. మన బైబిలులో ఆలెఫ్, బేత్ అని యుండును గదా. అవి హెబ్రీ అక్షరములు. 22 అక్షరములకు ఎనిమిదేసి వచనములు, మొత్తము 176. ఒక్కొక్క భాగములోని ఎనిమిది వచనములును ఒకే అక్షరముతో మొదలగును. తెనుగులో ఆ అందము దాగిపోయినది గాని, అది నోట నిలుపుకొనుటకు ఎంతో అనుకూలమైన కూర్పు. ద్వితీయోపదేశకాండములో మోషే కూర్చుండునప్పుడు, నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు అని దినమంతయు పంచి చెప్పెను, ఒక్క పూట అని చెప్పలేదు.

2006లో అమెరికాలో విద్యార్థులతో చేసిన పరీక్షయు దీనికి దగ్గరగానే యున్నది. అయిదు నిమిషముల తరువాత అడిగితే, మరల మరల చదివినవారే ముందుండిరి. వారము తరువాత అడిగితే, పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొనినవారు ముందుండిరి. మన పిల్లలు శనివారము రాత్రి గబగబ వల్లించి, ఆదివారము అప్పజెప్పి, బహుమానము పుచ్చుకొని, సోమవారమునకు మరచుచున్నారు. తప్పు వారిది కాదు, బహుమానము పెట్టిన నాది.

ఈ మాసపు కంఠత భాగము 121వ కీర్తన. ఎనిమిదే వచనములు, వారమునకు రెండు చాలును. ఉదయము చదివి, పొలమునకు పోవు దారిలో పుస్తకము లేకుండ చెప్పుకొని, రాత్రి ఇంటివారికి అప్పజెప్పవలెను. చదువు వచ్చినవారు రానివారికి వినిపింపవలెను. ప్రతి మంగళవారము సాయంకాలము ఆ తల్లి యింట కూడుకొందుము. 23వ కీర్తన సరిగా రాదని ఎవరును వెనుకాడవద్దు, ఆమె దిద్దును.