ఆ ఒక్క పరీక్షకు ఎందుకు వెనకాడతారు?

వానల్లేక శెనక్కాయ పంట ఎండితే మన అనంతపురం పల్లెల్లో చాలామంది బెంగళూరుకు పనికి పోతారు. ఇంటి దగ్గర భార్య నీళ్లోసుకుని ఉంటుంది. నర్సమ్మ వచ్చి పరీక్షలకు రమ్మంటుంది. రక్తం తక్కువుందేమో చూస్తామంటే చేయి చాపుతారు. హెచ్.ఐ.వి. పరీక్ష అనగానే "రేపొస్తాలేమ్మా" అంటారు. ఆ రేపు కాన్పు దాకా రాదు.

సూదికి భయపడి కాదు. రోజూ కంపముళ్లు గుచ్చుకునే చేతులవి. భయం వేరే ఉంది.

ఇంట్లో మొదట ఈ పరీక్ష చేయించుకునేది ఎక్కువగా గర్భిణీనే. అందుకే హెచ్.ఐ.వి. ఉంటే మొదట ఆమెకే బయటపడుతుంది. మొదట ఎవరికి బయటపడితే వాళ్లే తెచ్చారని ఊళ్లో లెక్క. ఇదేం లెక్క? దీపం పెట్టి చూసినామెనే పామును ఇంట్లోకి తెచ్చిందన్నట్టుంది! భర్త పరీక్షకు రాడు. నింద మాత్రం ఆమెకు. పుట్టింటికి తరిమేస్తారేమో, కాన్పు చేయమంటారేమో అని ఆమె దిగులు.

"నేనే తప్పూ చేయలేదు, నాకెందుకు?" అంటారు కొందరు. నిజమే. కానీ భర్తకు ఉంటే తప్పు చేయని భార్యకూ సోకుతుంది. వలస పోయినవాళ్లందరికీ ఉంటుందని కాదు. చూస్తేనే తెలియదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

తెలిస్తే ఏం లాభం? తల్లికి హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడకపోతే, 100 మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకవచ్చు. కడుపులో ఉన్నప్పుడు, కాన్పులో, లేదా తల్లిపాల వల్ల సోకుతుంది. తల్లి రోజూ మందు మింగి, బిడ్డకు పుట్టగానే మందు పోయిస్తే, ఆ లెక్క 100కు 5 కంటే తగ్గుతుంది. 2014 నుంచి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణీకీ జీవితాంతం మందులిచ్చే పద్ధతి వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో పరీక్షకూ మందులకూ డబ్బులు అడగరు.

2017లో చట్టం కూడా చేశారు. 2018 నుంచి అమలులో ఉంది. మీరు ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయకూడదు. ఫలితాన్ని ఊరంతా చాటకూడదు. హెచ్.ఐ.వి. ఉందని వైద్యం చేయమనకూడదు. మన బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రి (ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది) ఇలాంటివాళ్లకు ఏళ్ల తరబడి వైద్యం చేసింది.

అత్తమ్మలారా, ఈ పాఠం మీరు కూడా చదవండి. కోడలిని ఒంటరిగా పంపకండి. కొడుకు పండక్కి ఊరికొచ్చినప్పుడు ఇద్దరినీ ఒకే రోజు పంపండి. ఇద్దరూ కలిసి పోతే "ముందు ఎవరు తెచ్చారు" అనే మాటకు తావుండదు. పరీక్షకు ముందూ తర్వాతా అక్కడ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు, అనుమానాలన్నీ అడగండి. పోయే ముందే ఏదైనా అడగాలంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.