కొత్త విమానం – పాత అలవాటు

విమానం నడపడం ఒకసారి నేర్చుకున్నవాడు ఏ విమానాన్నైనా నడపగలడని సామాన్యంగా అందరూ భావిస్తారు. సైకిలు తొక్కడం వచ్చినవానికి పక్కింటివారి సైకిలు కూడా లొంగుతుంది కదా అన్నది ఈ భావనకు ఆధారం. వైమానిక చరిత్రను కొంచెం శ్రద్ధగా చదివినవారికి ఇది ఎంత ప్రమాదకరమైన భ్రమయో తెలుస్తుంది. వందల గంటలు ఆకాశంలో గడిపిన చోదకుడు సైతం కొత్తగా కొన్న చిన్న విమానం ముందు తిరిగి విద్యార్థి కావలసిందే. ఎందుకు కావాలి, ఏ విధంగా కావాలి అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గోపన్‌పల్లిలో చదువుకునే మనకు ఇది దూరపు విషయం కాదు. ఇక్కడికి ఉత్తరంగా, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నది. భారత వైమానిక దళంలో చేరే యువకులు, యువతులు ఎందరో విమానం నడపడంలో శిక్షణ పొందేది అక్కడే. ఒక విమానాన్ని వదిలి, మరొక విమానాన్ని కొని, దానికి అలవాటు పడవలసిన అవసరం ఆ సంస్థకే ఒకనాడు ఏర్పడింది.

దుండిగల్ అనుభవం

హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ నిర్మించిన హెచ్.పి.టి.-32 దీపక్ అనే చిన్న విమానంపై చాలా ఏళ్ళపాటు మన సైనిక విద్యార్థులు తొలి పాఠాలు నేర్చుకున్నారు. దానిలో 260 అశ్వశక్తి గల పిస్టన్ ఇంజను ఉండేది. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చునేవారు. చక్రాలు ఎప్పుడూ కిందికే దిగి ఉండేవి. ఆపదలో చోదకుణ్ణి బయటికి విసిరివేసే ఆసనాలు అందులో లేవు. ఇంజను గాలిలో ఆగిపోవడం దాని పెద్ద దోషంగా మిగిలింది. 2009 జూలైలో జరిగిన ప్రమాదంలో ఇద్దరు శిక్షకులు మరణించిన తరువాత ఆ విమానాలను నేలపైనే నిలిపివేశారు. ఆ పైన కొన్నేళ్ళు కిరణ్ అనే జెట్ విమానంపైనే ప్రాథమిక శిక్షణ కూడా సాగింది.

2012 మే నెలలో స్విట్జర్లాండుకు చెందిన పిలాటస్ సంస్థతో 75 పి.సి.-7 మార్క్ 2 విమానాల కొనుగోలుకు ఒప్పందం జరిగింది. మొదటి విమానాలు 2013 ఫిబ్రవరిలో వచ్చాయి. అదే సంవత్సరం మే 31న దుండిగల్‌లో వాటిని లాంఛనంగా వైమానిక దళంలో చేర్చుకున్నారు. జూలైలో విద్యార్థుల శిక్షణ ప్రారంభమైంది. విమానం వచ్చిన నాటికి, విద్యార్థి అందులో కూర్చున్న నాటికి మధ్య నెలల వ్యవధి ఉన్నదని గమనించండి. ముందు నేర్చుకోవలసినవారు గురువులే.

ఏమి నేర్చుకోవాలి? కొత్త విమానంలో ఉన్నది టర్బోప్రాప్ ఇంజను. శక్తి సుమారు 700 అశ్వశక్తి, అనగా దీపక్‌కు రెండున్నర రెట్ల కంటె ఎక్కువ. గురుశిష్యులు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. పక్కన కూర్చున్న శిష్యుని ముఖంలో భయాన్ని చూసి గ్రహించే గురువు, ఇప్పుడు మాటను బట్టి, విమానపు కదలికను బట్టి గ్రహించాలి. చక్రాలు ఎగిరిన తరువాత లోపలికి ముడుచుకుంటాయి. దిగే ముందు వాటిని జ్ఞాపకం పెట్టుకొని దించాలి. అత్యవసరంలో బయటికి విసిరే ఆసనం ఉన్నది. దానిని ఎప్పుడు ఉపయోగించాలో ముందుగానే మనసులో నిర్ణయించుకొని ఉండాలి.

ఇంకొక సూక్ష్మ విషయం ఉన్నది. ప్రొపెల్లర్ విమానంలో శక్తిని ఒక్కసారి పెంచితే ముక్కు ఒక పక్కకు లాగుతుంది. చోదకుని స్థానం నుండి చూసినప్పుడు ప్రొపెల్లర్ కుడివైపుకు తిరిగితే, ముక్కు ఎడమకు పోతుంది. కుడికాలితో రడ్డరు పెడలును తొక్కి దానిని సరిదిద్దాలి. జెట్ విమానంలో ఈ లాగుడు లేదు. కనుక జెట్‌కు అలవాటైన కాళ్ళు సోమరితనం నేర్చుకుంటాయి. అదే కాళ్ళు 700 అశ్వశక్తి ప్రొపెల్లర్ వెనుక కూర్చున్నప్పుడు మళ్ళీ మేలుకోవాలి.

అలవాటు మిత్రుడా, శత్రువా?

మన వీధిలోని ఉదాహరణతో దీనిని అర్థం చేసుకుందాం. పాత బుల్లెట్ మోటారు సైకిలుకు గేరు కుడికాలి కింద, వెనుక బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. తరువాత వచ్చిన మోటారు సైకిళ్ళలో ఇవి తారుమారైనాయి. ఇరవై ఏళ్ళు బుల్లెట్ నడిపినవాడు కొత్త బండిపై నిదానంగా వెళుతున్నంతసేపూ పొరపాటు చేయడు. ఎదురుగా అకస్మాత్తుగా పిల్లవాడు వస్తే మాత్రం అతని ఎడమకాలు తనంతట తానే కిందికి నొక్కుతుంది. అక్కడ బ్రేకు లేదు, గేరు ఉన్నది. మామూలు వేళల్లో మనిషిని బుద్ధి నడుపుతుంది. ఆపదలో అలవాటు నడుపుతుంది. కొత్త యంత్రం విషయంలో అసలు చిక్కు ఇదే. కొత్తది తెలియకపోవడం కంటె, పాతది మరీ బాగా తెలిసి ఉండడమే అక్కడ ఎక్కువ ప్రమాదం.

ప్రపంచ వైమానిక చరిత్రలో దీనికి దగ్గరి నిదర్శనం 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో జరిగింది. బోయింగ్ సంస్థ తయారుచేసిన మోడల్ 299 అనే కొత్త విమానాన్ని మేజర్ ప్లోయర్ హిల్ అనే అనుభవజ్ఞుడు పరీక్షార్థం నడిపాడు. నేలపై ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు కొట్టుకోకుండా బిగించే తాళం ఒకటి ఆ విమానంలో ఉన్నది. ఎగిరే ముందు దానిని తీయడం మరచిపోయారు. విమానం లేచి, నిటారుగా ఎక్కి, కూలిపోయింది. హిల్‌తో పాటు బోయింగ్ చోదకుడు లెస్లీ టవర్ కూడా మరణించాడు. ఈ దుర్ఘటన తరువాత ఆ విమానపు చోదకులు చేయవలసిన పనులన్నింటినీ వరుసగా కాగితంపై రాసుకొని, చదువుతూ, ఒక్కొక్కటే సరిచూసుకునే పద్ధతిని అమలు చేశారు. నేడు చిన్న సెస్నా నుండి పెద్ద ఎయిర్‌బస్ వరకు ప్రతి విమానంలో కనిపించే చెక్‌లిస్టు ఈ విధంగా స్థిరపడింది. జ్ఞాపకశక్తి గొప్పదే; కాని కాగితం మరచిపోదు.

అలవాటు చేసుకొనే క్రమం

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మన సామెత. కొత్త విమానం కొన్నవాడు కూడా తాళం చేతికి వచ్చిన రోజే బంధుమిత్రులను ఎక్కించుకొని తిరగాలని ఉబలాటపడతాడు. వివేకవంతుడు క్రమాన్ని పాటిస్తాడు.

మొదటి మెట్టు చదువు. ప్రతి విమానానికీ తయారీదారు ఇచ్చిన చోదక గ్రంథం ఉంటుంది. ఏ వేగం వద్ద రెక్కలు ఎత్తుశక్తిని కోల్పోతాయి, ఎంత బరువు మోయగలదు, ఆ బరువు ముందుకో వెనుకకో జరిగితే ఏమవుతుంది, ఇంజను ఆగితే ఎంత దూరం జారుతూ పోగలదు మొదలైనవన్నీ అందులో ఉంటాయి. దీనితోపాటు విమానపు మరమ్మతుల పుస్తకాన్ని చదవాలి. పాత విమానం కొన్నప్పుడు ఆ పుస్తకమే దాని ఆరోగ్య చరిత్ర.

రెండవ మెట్టు నేలపైనే ఉన్నది. ఇంజను వేయకుండా ఆసనంలో కూర్చొని, కళ్ళు మూసుకొని, ప్రతి మీటనూ చేతితో తడిమి గుర్తించాలి. సైనిక శిక్షణలో ఇది పాత ఆచారం. పొగ కమ్మినప్పుడైనా, చీకటిలోనైనా చేయి వెతుక్కోకూడదు.

మూడవ మెట్టు ఆ విమానాన్ని ఎరిగిన గురువుతో ఎగరడం. చాలినంత ఎత్తుకు వెళ్ళి, వేగాన్ని కావాలని తగ్గించి, రెక్కలు ఎత్తుశక్తిని కోల్పోయే స్థితిని స్వయంగా చూడాలి. దీనినే స్టాల్ అంటారు. ఆ స్థితికి ముందు విమానం ఏ విధంగా వణుకుతుందో, ముక్కు ఎట్లా వాలుతుందో శరీరానికి తెలియాలి. ఇక్కడ ఒక లెక్క జ్ఞాపకం ఉంచుకోదగినది. సమతలంగా పోయేటప్పుడు 50 నాట్ల వద్ద స్టాల్ అయ్యే విమానం, ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగేటప్పుడు సుమారు 71 నాట్ల వద్దనే స్టాల్ అవుతుంది. రన్‌వే దాటిపోతున్నదని చివరి మలుపులో తొందరపడి విమానాన్ని ఒరగవేసే చోదకుడు ఈ లెక్కకే బలి అవుతాడు.

నాల్గవ మెట్టు దిగడం. తొమ్మిదవ శతాబ్దంలో కార్డోవా నగరవాసి అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకొని ఎగరడానికి ప్రయత్నించాడని చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. కొంత దూరం ఎగిరినా, దిగేటప్పుడు గాయపడ్డాడట. పక్షి తోక ఆధారంగా దిగుతుందన్న సంగతిని గమనించక తోకను అమర్చుకోలేదట. ఎగరడం కంటె దిగడం కష్టమన్న సత్యం అంత పాతది. చిన్న విమానాలు సాధారణంగా స్టాల్ వేగానికి 1.3 రెట్ల వేగంతో రన్‌వేకు చేరువవుతాయి. ఆపైన ముక్కును ఏ ఎత్తులో పైకి ఎత్తాలన్నది విమానాన్ని బట్టి, ఆసనపు ఎత్తును బట్టి మారుతుంది. దీనిని పుస్తకం చెప్పలేదు. పదే పదే దిగి, పదే పదే లేచి నేర్చుకోవాలి. ఉర్దూలో దీనిని మష్ఖ్ అంటారు. ఉస్తాద్ ముందు తఖ్తీపై ఒకే అక్షరాన్ని వందసార్లు దిద్దే షాగిర్ద్‌కు ఈ మాట అర్థం బాగా తెలుసు. తెలుగులో సాధన అన్నా అదే.

మన వాతావరణం నేర్పే పాఠం

విమానం విదేశంలో పుట్టవచ్చు; ఎగరవలసింది మన గాలిలో. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉన్నది. ప్రామాణిక వాతావరణంలో ఆ ఎత్తున ఉష్ణోగ్రత 11, 12 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉండాలి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉన్నదనుకుందాం. ఒక్కొక్క డిగ్రీ తేడాకు సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే, నేలపై నిలబడిన విమానం 5,000 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. గాలి పలుచబడి ఇంజను బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ పట్టు తగ్గుతుంది, లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. జనవరి ఉదయం అలవాటైన విమానం మే మధ్యాహ్నం మరొక విమానం అవుతుంది.

ఇంజను ఆగితే ఏమిటి? సెస్నా 172 వంటి విమానం నిశ్చలమైన గాలిలో ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్ళు, అనగా మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం జారుతూ పోగలదు. ఆ దూరంలోనే చదునైన చోటు వెతుక్కోవాలి. గోపన్‌పల్లి పరిసరాలలో ఒకప్పుడు పొలాలు, చెరువు శిఖాలు, బండరాళ్ళ గుట్టలు ఉండేవి. ఇప్పుడు ఎత్తైన భవనాలు లేచాయి. పాతకాలపు చోదకుని మనసులోని పటం నేటికి పనికిరాదు. యంత్రం వలెనే నేలను కూడా మళ్ళీ నేర్చుకోవాలి.

అర్హత ఒకసారితో ముగియదు

నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో 1945లో హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది; 1953లో జాతీయం చేయబడింది. భారతదేశపు తొలి మహిళా వాణిజ్య చోదకురాలు ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఆ సంస్థయే. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో చిన్న విమానాలపై నేర్చుకొని వచ్చిన ఆమె ఇక్కడ డకోటా విమానంలో సహ చోదకురాలిగా కూర్చున్నది. మన కాలంలో పాతబస్తీకి చెందిన, బేకరీలో పనిచేసిన తండ్రి కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా ఒక ఇంజను గల సెస్నాలపై శిక్షణ పొందిన తరువాత, ఎక్కువ ఇంజన్ల విమానం కొరకు తెలంగాణ ప్రభుత్వ సహాయంతో మళ్ళీ శిక్షణ తీసుకోవలసి వచ్చింది. చేతిలో లైసెన్సు ఉన్నా, విమానం మారినప్పుడు పాఠం మళ్ళీ మొదలవుతుంది. ఇది అవమానం కాదు. ఆ వృత్తి గౌరవానికి మూలం.

మంచి యంత్రం కొన్నంత మాత్రాన ఆపద తొలగిపోదు కూడా. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుండి బయలుదేరిన పి.సి.-7 విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలి, శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఆకాశంలో ప్రతి పాఠానికీ ఎంత వెల ఉంటుందో ఆ రెండు కుటుంబాలకు తెలుసు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు విమానాలు నడపవచ్చు. ఎక్కువమంది ప్రయోగశాలలో కొత్త పరికరం ముందో, కర్మాగారంలో కొత్త యంత్రం ముందో, ఆసుపత్రిలో రోగి ప్రాణం ఆధారపడిన సాధనం ముందో నిలబడతారు. అప్పుడు మీ పట్టాను పక్కన ఉంచి, దాని గ్రంథాన్ని తెరవండి, ఎరిగినవారిని అడగండి, చేయవలసిన పనుల పట్టికను గట్టిగా చదవండి. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట రన్‌వే మీద ఎంత నిజమో, అక్కడ కూడా అంతే నిజం.