సరదాకూ ఒక రోజు

ఆలమూరు చుట్టుపక్కల ఆడవాళ్ళకు తెల్లారింది మొదలు పనే. వాకిలి ఊడవాలి. నీళ్ళు పట్టాలి. వంట చెయ్యాలి. ఊడ్పులకో, కోతలకో, నర్సరీ పనికో పోవాలి. సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవాలి. ఏడాదికి ఒక్కసారి సరదాగా ఊరెళ్ళొద్దామంటే ఏమంటారు? "ఆడవాళ్ళకు సరదాలేంటి? డబ్బు దండగ!" అంటారు.

ఈ మాటలో రెండు సంగతులున్నాయి. ఆడవాళ్ళకు సరదా అక్కర్లేదన్నది ఒకటి. సరదా అంటే ఖర్చు అన్నది రెండోది. ఈ రెండూ నిజమేనా? చూద్దాం.

తీరిక కూడా హక్కే

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసింది. ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక ఉండాలని అందులో 24వ అంశం చెబుతుంది. కళలను చూసి ఆనందించే హక్కు అందరికీ ఉందని 27వ అంశం చెబుతుంది. మన రాజ్యాంగంలో 43వ అధికరణం ఉంది. పనిచేసేవారికి బతకడానికి చాలినంత కూలితో పాటు తీరిక, కళలు, నలుగురితో కలిసే అవకాశం కూడా దొరికేలా ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో రాశారు.

ఇంటి చాకిరీ పని కాదా? పనే. మరి ఆ పని చేసేవాళ్ళకు తీరిక వద్దా?

నేల టికెట్టు

పూర్వం ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో హరికథ, బుర్రకథ, నాటకం పెట్టేవారు. టికెట్టు లేదు. చాప పట్టుకెళ్ళి ముందు కూర్చుంటే చాలు. కానీ కళాకారులు ఉత్తినే ఆడలేదు. ఊరంతా చందాలు వేసుకుని వాళ్ళకు ఇచ్చేది. సినిమా హాళ్ళలో కుర్చీ, బెంచీ, నేల అని తరగతులు ఉండేవి. కూలివాళ్ళు నేల టికెట్టు కొనేవారు. డబ్బు తక్కువైనా చూసే బొమ్మ ఒకటే.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆయనే 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత తెలుగు నాటకం ఆడించారు. ఆ రోజుల్లో ఆడ వేషాలు కూడా మగవాళ్ళే వేసేవారు. తర్వాత సురభి నాటక సమాజాల్లో ఆడవాళ్ళే ఆడ వేషాలు కట్టారు. పంతులుగారి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను ఇప్పుడు తెలుగు నాటకరంగ దినంగా జరుపుతున్నారు.

బస్సు ఖర్చు

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైంది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. ఆధార్ కార్డో, ఓటరు కార్డో, రేషన్ కార్డో చూపించాలి. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు ఇస్తాడు. దాన్ని అడిగి తీసుకోండి. దిగేదాకా దాచుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. రాజమండ్రి పేరు 2015లో మారింది. బోర్డు మీద "రాజమహేంద్రవరం" అని ఉంటే, అదే మన రాజమండ్రి.

ఏం చూడొచ్చు?

ధవళేశ్వరం: ఆర్థర్ కాటన్ దొర ఇక్కడ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో పూర్తయింది. ఇప్పుడు ఆ పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ ఉంది. మన పొలాలకు వచ్చే కాలవ నీళ్ళకు మొదలు ఇక్కడే. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది.

దామెర్ల రామారావు చిత్రశాల: రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టారు. గోదావరినీ, పల్లె జనాన్నీ బొమ్మల్లో నిలిపారు. మశూచి సోకి 1925లో, ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. నూరేళ్ళ కిందటే ఆడవాళ్ళు కుంచె పట్టారన్నమాట!

గౌతమీ గ్రంథాలయం: నాళం కృష్ణారావు 1898లో పెట్టిన గ్రంథాలయం దీనికి మూలం. మీకు ఇప్పుడు చదువు వచ్చింది. లోపలికి వెళ్ళి పేపరు తీసి చదవండి.

ఆనం కళాకేంద్రం: నాటకాలు, నాట్యాలు, సభలు ఇక్కడ జరుగుతాయి.

గోదావరి గట్టు: సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చోవడానికి టికెట్టు లేదు.

కరపత్రం చదవండి

నాటకం కరపత్రం చేతికొస్తే నాలుగు సంగతులు వెతకండి: ఏ రోజు? ఎన్ని గంటలకు? ఎక్కడ? టికెట్టు ఎంత? "ప్రవేశం ఉచితం" అన్నా, "అందరూ ఆహ్వానితులే" అన్నా డబ్బు అడగరు. "పాసులు ఉన్నవారికే" అంటే ముందే పాసు తెచ్చుకోవాలి. టికెట్టు ఉన్నచోట, "పిల్లలకు తక్కువా? గుంపుగా వస్తే తగ్గిస్తారా?" అని కౌంటర్లో అడగండి. అడగడం తప్పు కాదు. మ్యూజియానికి వారంలో ఒకరోజు సెలవుంటుంది. ఏ రోజో ముందే కనుక్కోండి. తిరుగు బస్సు వేళ కాగితం మీద రాసుకోండి.

ఇంట్లో మాట

"అత్తయ్యగారూ, వచ్చేవారం మేం పదిమందిమి రాజమండ్రి వెళ్ళొస్తామండి."

"మరి వంట ఎవరు చేస్తారే?"

"ఆ పూటకు మీ అబ్బాయి వండుతానన్నారండి. మీరూ మాతో రండి."

"నేనా? రాజమండ్రి పెద్దాసుపత్రికి తప్ప ఇంకోచోటికి వెళ్ళలేదే నేను!"

"అందుకేనండి రమ్మంటున్నాను."

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నా ఆధార్ కార్డు ఎక్కడ పెట్టావే?"

లెక్క చెయ్యండి

పదిమంది ఉన్న సంఘంలో ఒక్కొక్కరు నెలకు 20 రూపాయలు దాచారు. 6 నెలలకు మొత్తం ఎంత? అందులో ఆటోలకు 300, టీ టిఫిన్లకు 500 పోతే, టికెట్లకు ఎంత మిగులుతుంది?

మాట్లాడుకోండి

1. మీరు ఆఖరుసారి సరదాగా ఊరెళ్ళింది ఎప్పుడు? ఎవరితో?
2. మీరు లేని పూట ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారు?
3. ఇంట్లో మగవాళ్ళు సరదాకు నెలకు ఎంత ఖర్చు చేస్తారు? ఆడవాళ్ళు ఎంత?

కొత్త మాటలు

అధికరణం, చిత్రశాల, గ్రంథాలయం, కరపత్రం, ప్రవేశం, ఉచితం, ఆహ్వానితులు. పైకి చదవండి. ఒక్కోమాటతో ఒక వాక్యం రాయండి.