స్టెంటోరియన్ అంటే కంచు కంఠం

ఇంగ్లీషులో 'స్టెంటోరియన్' అనే విశేషణం ఉంది. చాలా గట్టి గొంతుకి ఈ మాట వాడతారు. దీని వెనక ఒక మనిషి ఉన్నాడు. పేరు స్టెంటర్.

గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఇలియడ్' లో 24 భాగాలు ఉన్నాయి. 5వ భాగంలో ఇతని పేరు ఒక్కసారే వస్తుంది. ట్రాయ్ యుద్ధంలో గ్రీకులు వెనక్కి తగ్గుతుంటారు. అప్పుడు హేరా దేవత స్టెంటర్ రూపంలో నిలబడి, మీకు సిగ్గు లేదా అని సైన్యాన్ని కేకలేస్తుంది. అతని గొంతు 50 మంది కలిసి అరిచినంత అని కవి చెప్పాడు. కంచు గొంతు అని కూడా అన్నాడు. మనం కూడా కంచు కంఠం అంటాం కదా! ఎక్కడి గ్రీసు, ఎక్కడి మనం.

నాకు ఒక సంగతి మాత్రం నచ్చలేదు. అరిచింది హేరా. పేరు వచ్చింది స్టెంటర్ కి. ఆడగొంతుతో చెప్తే సైన్యం వినదా? ఆడపిల్ల గట్టిగా మాట్లాడితే మా ఊర్లో కూడా 'ఏందే ఆ గొంతు' అంటారు. ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు మాత్రం, ఇంకా గట్టిగా చెప్పు అంటారు.

ఇంకో మాట. బాకా ఆకారంలో ఉండే ఒక ఏకకణ జీవికి కూడా స్టెంటర్ అనే పేరు పెట్టారు. చెరువు నీళ్లలో ఉంటది. దానికి గొంతే లేదు!