ఆ వాయిద్యం పేరేమిటి?

సమస్య



మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇద్దరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. నాది నెల్లూరు, మావారిది ఒంగోలు పక్క పల్లెటూరు. ఒక్కడే కొడుకు. ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు పన్నెండో తరగతి. ఫిబ్రవరిలో పద్దెనిమిది నిండుతాయి. మనబడిలో నాలుగేళ్ళు తెలుగు నేర్చుకున్నాడు. మాట వినే పిల్లాడు.

వాడి వెయిటెడ్ జీపీఏ 5.61, ఎస్ఏటీ 1490. తరగతిలో 520 మంది ఉంటే వీడి ర్యాంకు 47. యూటీ ఆస్టిన్‌లో నేరుగా అడ్మిషన్ రావాలంటే మొదటి 5 శాతంలో ఉండాలి, అంటే 26 లోపు. ఇరవై ఒక్కమంది అడ్డం వచ్చారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మావారికి నిద్ర లేదు. 4,000 డాలర్లు ఇచ్చి ఒక కాలేజీ కన్సల్టెంటుని పెట్టుకున్నాం. ఆవిడ అన్నీ చూసి, బ్యాండ్ వల్ల ఉపయోగం లేదు, ఆ టైములో ఏదైనా రీసెర్చ్ చేయించండి అంది. వాడు ఆరో తరగతి నుంచీ స్కూలు బ్యాండ్‌లో ఉన్నాడు. ఏదో పెద్ద ఇత్తడి బూరా, ఒంటికి చుట్టుకుని భుజాన మోసేది, వాయిస్తాడు. శుక్రవారం సాయంత్రం నేనే స్టేడియం దగ్గర దింపుతాను. కూరలూ సరుకులూ కొనుక్కుని, హనుమంతుడి గుళ్ళో దణ్ణం పెట్టుకుని, పదిన్నరకి మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటాను.

మావారు బ్యాండ్ మానెయ్యమన్నారు. అప్పుడు కార్లో మొదటిసారి నోరు విప్పాడు. డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో మ్యూజిక్ ఎడ్యుకేషన్ చదువుతానన్నాడు. "పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం కొట్టుకుంటావా?" అన్నారు మావారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల్లేవు. రాత్రిపూట గరాజ్‌లో ఒక్కడే అడుగులు లెక్కపెట్టినట్టు అటూ ఇటూ నడుస్తూ "డట్, డట్, డట్" అని గొణుక్కుంటున్నాడు. మతి చలిస్తోందేమోనని నాకు భయంగా ఉంది.

ఇంకో విషయం. స్కూలు కౌన్సిలర్ తల్లిదండ్రులకి ఒక ఫారం పంపారు. మీ అబ్బాయిని మూడు మాటల్లో చెప్పండి, వాడి గురించి మార్కుల కాగితంలో కనపడనిది ఒకటి రాయండి, ఇలాంటివి. శుక్రవారం లోపు ఇవ్వాలి. మూడు మాటలు "హార్డ్‌వర్కింగ్, ఒబీడియంట్, ఇంటెలిజెంట్" అని రాశాను. మిగతావి ఎలా నింపితే మంచి కాలేజీకి పనికొస్తుందో చెప్పండి. బ్యాండ్ సంగతి వాడికి ఎలా నచ్చజెప్పాలో కూడా.

ఒక తల్లి, ఫ్రిస్కో

సలహా

అమ్మాయీ, నీ ఈడు కూతురుంది నాకు. అందుకని నువ్వు అనే రాస్తున్నాను.

కాలేజీల ఉత్తరాలు ఈ రోజుల్లో కట్టలు కట్టలుగా వస్తాయి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా అమెరికాలో తెలుగు ఇళ్ళకి మైల పట్టినట్టుంటుంది. పేరంటాలకి పోరు, గట్టిగా నవ్వరు, పిల్లలు ఎక్కడెక్కడ అప్లై చేశారో పక్కింటికి పొక్కనివ్వరు. నీ ఉత్తరాన్నీ ఆ కట్టలోనే పెట్టేదాన్ని. ఒక్కచోట ఆగిపోయాను. జీపీఏ రెండు దశాంశాల దాకా రాశావు. తరగతిలో ఎంతమందో, నీ కొడుక్కి అడ్డం వచ్చినవాళ్ళు ఎంతమందో లెక్కగట్టి రాశావు. వాడు ఏడేళ్ళుగా వాయిస్తున్న దాని పేరు దగ్గరికొచ్చేసరికి "ఏదో పెద్ద ఇత్తడి బూరా"!

దాని పేరు నాకు తెలుసు. చెప్పను. ఒక అమెరికన్ బ్యాండ్ మాస్టారి పేరు దానికి పెట్టారు, నూట పాతికేళ్ళు దాటింది. ఆయనెవరో మీవాణ్ణే అడుగు.

ముందు కాలేజీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. నీ కొడుకు మొదటి 10 శాతంలో ఉన్నాడు. 1997 నాటి టెక్సస్ చట్టం ప్రకారం ఆస్టిన్ తప్ప మిగతా ప్రభుత్వ యూనివర్సిటీలు వాడికి తలుపు తీసే ఉంచాయి. టెక్సస్ ఎ అండ్ ఎంకి అప్లికేషన్ పంపండి, డాలస్ యూటీకి పంపండి, ఆస్టిన్‌కి కూడా పంపండి, ఐదు శాతం బయటివాళ్ళనీ వాళ్ళు తీసుకుంటారు. కోరిన బ్రాంచి దొరకడం వేరే సంగతి. డెంటన్ వాళ్ళు మ్యూజిక్‌కి విడిగా ఆడిషన్ పెడతారు, ఆ తేదీలు దాటిపోకుండా చూడండి. మీవారు ఏ ప్రైవేటు యూనివర్సిటీకో ఎర్లీ డెసిషన్ అంటే మాత్రం ఒప్పుకోకు. అది ఒప్పందం, సీటొస్తే చేరి తీరాలి. దానిమీద విద్యార్థి, తల్లిదండ్రులు, కౌన్సిలర్ ముగ్గురి సంతకాలూ ఉండాలి. నోరు మూతపడ్డ పిల్లాడి చేత సంతకం పెట్టించకూడదు. ఇక మ్యూజిక్ ఎడ్యుకేషన్ చదివి వాడు కాగల స్కూలు బ్యాండ్ డైరెక్టరంటే, టెక్సస్‌లో నెల జీతం అందుకునే సర్టిఫైడ్ టీచరు. చెట్టుకింద మేళగాడు కాదు.

అయినా మేళగాడైతే మాత్రం ఏం? మీవారిది ఒంగోలు పక్క అన్నావుగా. ఆ పక్కనే కరవది అని ఊరుంది, ఆయన వినే ఉంటారు. షేక్ చినమౌలానా గారిది ఆ ఊరే. నాదస్వరం పట్టుకుని శ్రీరంగం దాకా వెళ్ళి స్థిరపడ్డారు, తంజావూరు బాణీ వాళ్ళ మధ్య నిలబడి పేరు తెచ్చుకున్నారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. పెళ్ళిళ్ళలో వాయించే వాయిద్యమే అది. ఈ ముక్క మీవారికి చదివి వినిపించు. డెంటన్ కూడా ఆషామాషీ చోటు కాదు, అమెరికాలో జాజ్ సంగీతానికి మొదటి డిగ్రీ 1947లో పెట్టింది వాళ్ళే.

ఇప్పుడు గరాజ్ సంగతి. నీ ఉత్తరంలో నన్ను నవ్వించిందీ అదే, ఏడిపించిందీ అదే. "డట్, డట్" అంటే మతి చలించడం కాదమ్మా, తాళం. మన మృదంగం పిల్లాడు బస్సులో కూర్చుని "తకధిమి" అనుకోడూ, అలాంటిదే. వాయిద్యం చేతిలో లేనప్పుడు నోటితో తాళం పట్టుకుని అడుగు వేస్తారు. అయిదు గజాలకి ఎనిమిది అడుగులు, ప్రతి అడుగూ ఇరవై రెండున్నర అంగుళాలు. నా మనవరాలు హాల్లో టైల్స్ మీద కొలుచుకుంటూ నడిస్తే మొదట్లో నేనూ విస్తుపోయాను. నువ్వు భయపడుతున్న ఆ కాసేపే ఆ ఇంట్లో వాడికి నెమ్మదిగా ఉన్న సమయమేమో. తిండీ నిద్రా తగ్గితే, స్నేహితుల్ని దూరం పెడితే మాత్రం ఆలస్యం చెయ్యక డాక్టరుకి చూపించండి. తాళం వేస్తున్నాడని కాదు.

ఇక ఆ ఫారం.

నేను విజయవాడలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. ఏ కాలేజీ అని అడక్కు. పిల్లల్ని సెక్షనూ నంబరూ పెట్టి పిలిచేవాళ్ళం. ఒక ఆదివారం మార్కాపురం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, చేతిలో అరిసెల డబ్బా. కొడుకుని చూసి, వెళ్తూ వెళ్తూ స్టాఫ్ రూం గుమ్మం దగ్గర ఆగాడు. "అమ్మా, మావాడు ఇంటికాడ ఎప్పుడూ ఈలేస్తా ఉంటాడు. ఇక్కడ ఏస్తన్నాడా?" అని అడిగాడు. నేనేం చేశానో తెలుసా? రిజిస్టరు తీసి, వారం పరీక్షలో 120కి 97 వచ్చాయి, పర్వాలేదు, అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "మంచిదమ్మా" అని, డబ్బాలోంచి రెండు అరిసెలు కాగితంలో పెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు. హాస్టల్లో ఈల వేస్తే బెంచీ ఎక్కించేవాళ్ళని ఆయనకి ఎలా చెప్పను? అరిసె గొంతు దిగలేదు.

అక్షరం రాని ఆ మనిషికి మీ కౌన్సిలర్ ఫారం ఇచ్చి ఉంటే నిమిషంలో చెప్పేసేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మీరు ఇంకా తన్నుకుంటున్నారు.

తప్పంతా మీదే అనను. 1986లో ఎంసెట్ వచ్చిన దగ్గర్నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లల్ని పెంచడమంటే హాల్ టికెట్ నంబరు పెంచడమే అయింది. పేపరు నిండా తపాలా బిళ్ళంత ఫొటోలు, కింద ర్యాంకులు. ర్యాంకు వస్తే ఆ పిల్లాడు ఎలాంటివాడని ఎవరూ అడగరు. రాకపోతే అసలే అడగరు. మీ తరమంతా అలాగే పెరిగారు, మిమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగనిదాన్ని గమనించడం మీకెలా వస్తుంది? సముద్రం దాటి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు ర్యాంకునీ తెచ్చుకున్నారు. టెక్సస్ ప్రభుత్వం శాతాల చట్టం పెట్టి మళ్ళీ దాన్నే మీ చేతిలో పెట్టింది. 47, 26, మధ్యలో 21. ఆ ఇరవై ఒక్కరి పేర్లు కూడా నీకు తెలిసే ఉంటాయి!

ఈ దేశం పద్ధతుల్లో నాకు నచ్చనివి బోలెడున్నాయి. పదిహేడేళ్ళ పిల్లల చేత 650 మాటల్లో ఆత్మకథ రాయించడం వాటిలో ఒకటి. వాటిల్లో సగం పెద్దవాళ్ళే రాస్తారని నా అనుమానం. కానీ ఈ ఫారం నాకు నచ్చింది. ఒక్కో కౌన్సిలర్‌కి 250 మందికి మించి పిల్లలుండకూడదని వాళ్ళ సంఘమే అంటుంది, చాలా స్కూళ్ళలో అంతకంటే ఎక్కువే ఉంటారు. అంతమందిలో నీ కొడుకు గురించి ఆవిడ ఉత్తరం రాయాలి. వాణ్ణి దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఒక మాట సాయం చెయ్యండని అడుగుతోంది. దానికి నువ్వు పంపేది "ఒబీడియంట్" అనా? పద్దెనిమిదేళ్ళు వస్తున్న మగపిల్లాడి గురించి అదొక మెప్పా? "కష్టపడతాడు, చెప్పినట్టు వింటాడు, తెలివైనవాడు" అని మా ఊళ్ళో ఎద్దుల సంతలో చెప్పేవాళ్ళు.

ఇంకొకటి కూడా తెలుసుకో. రోజుకి ఎన్నిసార్లు స్కూలు పోర్టల్ తెరిచి వాడి మార్కులు చూస్తావో నువ్వు రాయలేదు కానీ నేను ఊహించగలను. 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. పద్దెనిమిది నిండినా, అంతకంటే ముందే కాలేజీలో చేరినా, చదువు రికార్డుల మీద హక్కు వాడిది. ఫీజు నువ్వు కట్టినా సరే, వాడు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే మార్కులు నీకు చూపించం అంటారు చాలా కాలేజీలవాళ్ళు. అంటే వచ్చే ఆగస్టు నుంచి నీకు 5.61 కనపడదు. ఆ అంకె తీసేస్తే వాడితో ఫోన్లో ఏం మాట్లాడతావు? "తిన్నావా", "చలిగా ఉందా", అంతేనా? మా బంధువులమ్మాయి ఒకావిడ కొడుకు హాస్టల్‌కి వెళ్ళాక ప్రతి ఆదివారం ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక, వాతావరణం యాప్ చూసి మరీ అక్కడి వాన గురించి అడిగేది. నవ్వకు, నిజం.

కాబట్టి బ్యాండ్ గురించి వాడికి నచ్చజెప్పే పని నేను చెయ్యను. ఈ నవంబరు దాకా వాడి సీజను. ఆగస్టు ఎండలో తారురోడ్డు మీద ఆ బరువు మోస్తూ నేర్చుకున్నది ఇప్పుడు మధ్యలో ఆపించడం పంట కోతకొచ్చాక చేలో వదిలెయ్యడం లాంటిది. పైగా వాడు ఒక్కడు లేచి పోతే ఆ వరసలో ఖాళీ కనపడుతుంది. ఆ వాయిద్యం మోత అడుగున ఉంటుంది, మన కచేరీలో తంబురా లాగా. ఉన్నప్పుడు ఎవరూ గుర్తించరు, ఆగితే అందరికీ తెలుస్తుంది.

నువ్వు చెయ్యాల్సిన పని వేరే ఉంది. కౌన్సిలర్‌కి ఇవాళే మెయిల్ పెట్టి సోమవారం దాకా గడువడుగు. శుక్రవారం వాణ్ణి దింపి వెనక్కి తిరక్కు. కూరలు శనివారం కొనుక్కో, హనుమంతుడు ఏమీ అనుకోడు. టికెట్టు కొనుక్కుని లోపలికెళ్ళి కూర్చో. మీ ఊళ్ళో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు చేసుకునే ఫోర్డ్ సెంటర్‌లో కూడా స్కూళ్ళ ఆటలు పెడతారు, పన్నెండు వేలమంది పడతారు. ఏ మైదానమైనా సరే, బ్యాండ్ పిల్లల తల్లిదండ్రులు కూర్చునే చోటు ఒకటి ఉంటుంది, అడిగితే చూపిస్తారు. ఆట అర్థం కాకపోతే బెంగపడకు, నాకూ ఇప్పటికీ కాదు. సగం ఆట అయ్యాక పిల్లలు మైదానంలోకి దిగుతారు. అంతమందిలో మీవాడెక్కడున్నాడో వెతుక్కో. దొరక్కపోతే పక్కనున్న ఏ అమెరికన్ తల్లినైనా అడుగు. ఆవిడకి మీవాడి పేరు తెలిసే ఉంటుంది. అప్పుడు కాస్త గుండెలో కలుక్కుమంటుంది, ఓర్చుకో.

ఆ తల్లులూ తండ్రులే పిల్లలకి నీళ్ళ సీసాలు అందిస్తారు, పెద్ద పెద్ద ప్రాప్‌లు మైదానంలోకి తోస్తారు. మన పెళ్ళిళ్ళలో వడ్డనకి నడుం బిగించినట్టే. నువ్వూ చేరు, మీవారిని కూడా లాక్కెళ్ళు. స్కూలు వెబ్‌సైట్‌లో వాలంటీర్ ఫారం ముందుగా నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యేదాకా మైదానంలోకి రానివ్వరు, అందుకని ఈ రాత్రే ఆ పని చెయ్యి.

తిరిగొచ్చేటప్పుడు కార్లో కాలేజీ మాట ఎత్తకు. ఆ వాయిద్యం పేరు అడుగు. ఎంత బరువుంటుందో, మొదట దాన్నే ఎందుకు పట్టుకున్నాడో అడుగు. మొదటి రోజు ముక్తసరిగా చెప్తాడు. ఏడేళ్ళ తర్వాత అడిగావు మరి, వాడికీ అనుమానం రాదూ? రెండో శుక్రవారానికి కొంచెం ఎక్కువ చెప్తాడు. సోమవారానికి ఫారం నింపడానికి ఏమీ దొరక్కపోతే ఉన్నది ఉన్నట్టు రాయి: మా అబ్బాయి రాత్రిపూట గరాజ్‌లో ఒక్కడే తాళం వేసుకుంటూ నడుస్తాడు, ఎందుకో మొన్నటిదాకా నాకు తెలియదు, అని. కౌన్సిలర్‌కి నీ మూడు మాటలకంటే అది ఎక్కువ పనికొస్తుంది.

అన్నట్టు ఆ స్టేడియం మెట్లు రేకువి, నడుం పట్టేస్తుంది. ఒక దిండు పట్టుకెళ్ళు.