రిపోర్టు చూడగానే మాత్ర పెంచాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. వయసు 42. రెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర 50 వాడుతున్నాను. సంక్రాంతి వెళ్లాక పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 9.2 ఉందని మా ఊరి ఆర్ఎంపీ గారు 75 చేశారు. మూడు వారాలకు మళ్లీ చేయిస్తే 6.8 వచ్చింది. ఇంకా ఎక్కువే ఉంది, 100 వేసుకోమంటున్నారు. మిరప కోతలకు వెళ్తున్నాను. ఒకటే నీరసం, ఒళ్లు నొప్పులు. పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. 75 మాత్ర పని ఇంకా పూర్తి కాలేదు. మీరు మింగే థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అంత నిదానమైన మందు కాబట్టి, మోతాదు మార్చాక రక్తంలో అది నిలకడకు రావాలంటే ఐదారు వారాలు కావాలి. టీఎస్‌హెచ్ అంటే థైరాక్సిన్ చాలడం లేదని మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పంపే ఆజ్ఞ. థైరాక్సిన్ కుదురుకున్నాకే అది కుదురుకుంటుంది. అందుకే మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలంటారు. మూడు వారాలకే 9.2 నుంచి 6.8కి దిగిందంటే మందు పనిచేస్తోందనే అర్థం, ఇంకా దిగవచ్చు కూడా. పొద్దున తామర పురుగుకు మందు కొట్టి, సాయంత్రం పురుగు కనపడిందని ఇంకో మందు కొడితే ఏది పనిచేసిందో రైతుకే తెలియదు. ఇదీ అంతే. పైగా థైరాక్సిన్ కొద్దిగా మారినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు మారుతుంది. తొందరపడి పెంచితే మరో రెండు నెలలకు అది 0.4 కంటే కిందికి పోయి, మళ్లీ తగ్గించుకోవాల్సి రావచ్చు.

అసలు రెండేళ్లు సరిపోయిన 50 ఇప్పుడెందుకు చాల్లేదో చూడాలి. థైరాయిడ్ గ్రంథి ఇంకాస్త దెబ్బతిని ఉండవచ్చు. కానీ ముందు మాత్ర వేసుకునే తీరు చూసుకోండి. కోతల రోజుల్లో తెల్లారకముందే ఆటో ఎక్కాలి. మాత్ర టీతోనో, చద్దన్నం తిన్న వెంటనేనో గొంతులో పడుతుంది, ఒక్కోరోజు మరిచే పోతుంది. వారానికి రెండు మరిచినా 350 మైక్రోగ్రాములు అందాల్సిన చోట 250 మాత్రమే అందుతుంది. మోతాదు పెంచి ఈ లోటు పూడ్చుకుంటే, కోతలయ్యాక రోజూ సక్రమంగా వేసుకోగానే మందు ఎక్కువైపోతుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగి టీ తాగాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు పోల్చి చూస్తే, రాత్రి వేసుకున్నప్పుడే టీఎస్‌హెచ్ ఇంకా తగ్గింది. వేడికి, తేమకు ఈ మందు బలం తగ్గుతుంది. మన ఎండల్లో సీసాను రేకుల కప్పు కింద అటక మీద పెట్టకండి.

‘నీరసంగా ఉంటే ఆగమంటారేం, కాస్త ఎక్కువైతే ఏం పోతుంది?’ అనవచ్చు. ఎక్కువైతే గుండె దడ పుడుతుంది, గుండె లయ తప్పవచ్చు. ఏళ్ల తరబడి అలాగే ఉంటే, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. ఇక నీరసమంతా థైరాయిడ్‌దే కానక్కర్లేదు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనిపించింది. ఇంత మామూలు జబ్బు కాబట్టే ప్రతి అలసటనూ దాని ఖాతాలో వేస్తాం. రోజంతా నడుం వంచి కాయ కోసే మనిషికి రక్తహీనత ఉన్నా ఇలాగే ఉంటుంది. ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆగడమనే మాట అందరికీ వర్తించదు. థైరాయిడ్ మాత్ర వాడుతూ గర్భం దాల్చినవాళ్లు వెంటనే డాక్టరును కలవాలి. వారికి మోతాదు అప్పుడే పెంచి, నాలుగేసి వారాలకు పరీక్ష చేస్తారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, బాగా పెద్దవాళ్లకు మాత్రం ఇంకా నిదానంగా పెంచుతారు.

కాబట్టి 75 మీదే ఉండండి. మోతాదు మార్చిన తేదీని రిపోర్టు మీద రాసుకుని, ఎనిమిది వారాలు నిండాక అదే ల్యాబులో, ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపండి. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఫలితం 0.4 నుంచి 4 మధ్య ఉంటే మాత్ర మార్చక్కర్లేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడవచ్చు. సరిగ్గా వేసుకున్నా 4 దాటితే 12.5 లేదా 25 మైక్రోగ్రాములు పెంచే సంగతి గుంటూరు జీజీహెచ్‌లోనో, దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరో తేల్చుకోండి. అంతవరకు 100 మాత్రలు కొనకండి.