మూడేండ్లు కూసొని చదువు బిడ్డా

గోదావరిఖని

బుజ్జీ,

నువ్వు ఫోన్ల పెట్టిన నాలుగు ముక్కలు చదివిన. తిరిగి ఫోన్ చేద్దామనుకున్న గానీ, మాట్లాడితే నాకు గొంతు లేస్తది, నీకు కండ్లల్ల నీళ్లొస్తయి, అసలు ముచ్చట పక్కకు పోతది. అందుకే రాస్తున్న. మీ అన్న ఆదివారం కరీంనగర్ వస్తడు, సకినాల డబ్బాతోపాటు ఇస్తడు. నైట్ డ్యూటీ దిగంగనే చదవకు. తిని, పడుకొని, లేచినంక చదువు.

కొలువు ఇడిచిపెట్టకుండనే నర్సు చదువు జీఎన్ఎం అయిపోతదట, కాలేజీకి పోవుడే లేదట, పరీక్షలప్పుడు పోయి రాసొస్తే చాలట అని రాసినవ్. దీన్నే నాన్ అటెండింగ్ అంటున్నరు. నీ నోట వినకముందే మొన్న పెండ్లిల మీ చిన్నమ్మ నా చెవిన వేసింది. ఎవరో మనిషి వేరే రాష్ట్రం కాలేజీల సీట్లు ఇప్పిస్తున్నడట, మీ దగ్గర పనిచేసే పిల్లలు ఇద్దరు ముగ్గురు అడ్వాన్సు కూడ కట్టిండ్రట. అండ్ల నీ పేరు లేదని తెలిసిందాక నాకు అన్నం సయించలేదు.

నా మాట ముందుగాల్నే చెప్త. జీఎన్ఎం చెయ్. తప్పకుండ చెయ్. ఆ మనిషి చెప్పిన తీరుగ మాత్రం చెయ్యకు.

నువ్వు చదివిన ఏఎన్ఎం అంటే చిన్నచూపు నాకు ఏనాడూ లేదు. మన పల్లెలల్ల టీకాలు, గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల బరువులు, అన్నీ వాళ్ల చేతుల మీదుగనే నడుస్తయి. సబ్ సెంటర్లల్ల రెండో ఏఎన్ఎంలు ఏండ్ల తరబడి కాంట్రాక్టు మీదనే ఉండి, 2023 ఆగస్టుల రెగ్యులర్ చెయ్యుమని సమ్మెకు దిగితే, నేను పోయి టెంటు కింద వాళ్లతోని కూసొని వచ్చిన. ఆ చదువు సబ్ సెంటర్ కోసం పుట్టింది, ఊరి కోసం పుట్టింది. కానీ మీ ప్రైవేటు దవాఖానల నిన్ను పెట్టింది ఐసీయూ పక్క వార్డుల. అక్కడ నీతోని చేయించుకునేది స్టాఫ్ నర్సు పని, ఇచ్చేది ఏఎన్ఎం జీతం. 2016ల సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు ప్రైవేటు దవాఖానల కూడ నర్సుకు నెలకు 20,000 తగ్గొద్దని ఆ కమిటీ చెప్పింది. ఆ కాగితం మీ మేనేజ్‌మెంట్ ముందర పెట్టి చూడు. నువ్వు రిజిస్టర్డ్ నర్సువు కాదుగదమ్మా అంటరు. రేపు ఒక సూది వికటించిందనుకో, అప్పుడు కూడ అదే మాట అంటరు, పోలీసుల ముందర అంటరు. నాకు రాత్రిపూట మెలకువ తెప్పించేది ఇదే.

మన సింగరేణినే చూడు. 2021ల జూనియర్ స్టాఫ్ నర్సు పోస్టులు 84 పడ్డయి. జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండాలె అన్నరు. సర్కారు దవాఖానల నర్సింగ్ ఆఫీసరు కొలువులకూ అంతే. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంల 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చిండ్రు. టీవీల చూసుకుంట నేను నిన్నే తలుచుకున్న. ఆ గుంపుల నా బిడ్డ నిలబడే రోజు రావాలె అని మొక్కుకున్న.

ఇగ తొవ్వ సంగతి. నువ్వు ఇంటర్ల బైపీసీ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆ ఏడాది మన ఇంట్ల ఏం జరిగిందో ఇద్దరికీ ఎరుకే, మళ్ల తవ్వుడు వద్దు. వొకేషనల్ చేసినవ్, ఏడాది సర్కారు దవాఖానల ట్రైనింగ్ అయినవ్, కౌన్సిల్‌ల ఏఎన్ఎంగ రిజిస్టరయినవ్. నాలుగేండ్ల బీఎస్సీ నర్సింగ్‌కు పోవాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కావాలె. బ్రిడ్జి కోర్సు రాసి ఆ దిక్కు పోయినోళ్లు ఉన్నరు గానీ, పుస్తకం పట్టక ఇన్నేండ్లయినంక నీకు ఆ తిప్పలు వద్దంట. జీఎన్ఎంకు రిజిస్టర్డ్ ఏఎన్ఎం అయి ఉండి పాసైతే చాలు, సైన్సు లేదని వెళ్లగొట్టరు. బయటి పిల్లలకు 35 ఏండ్ల హద్దు ఉన్నది. ఏఎన్ఎంలకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వయసు హద్దే పెట్టలేదు. అంటే ఈ తలుపు నీలాంటోళ్ల కోసం తెరిచి పెట్టిందే.

చదువు మాత్రం నిండ మూడేండ్లు. ఒకప్పుడు మూడున్నరేండ్లు ఉండె. రెండేండ్లు ఏఎన్ఎం చదివినవ్ గదా, నిన్ను సీదా రెండో ఏడాదిల కూసోబెడతం అని ఎవరన్న అంటే అది అబద్ధం. జీఎన్ఎం అయినంక ఆర్ఎన్ఆర్ఎం, అంటే నర్సు, మిడ్‌వైఫ్‌గ రిజిస్ట్రేషన్. ఆ తర్వాత మనసయితే రెండేండ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ. అది అయితే రేపు ఎమ్మెస్సీకి బీఎస్సీ చదివినామె ఎట్ల పోతదో నువ్వూ అట్లనే పోతవ్. పరదేశం ముచ్చట కూడ రాసినవ్. టామ్‌కామ్ అని మన సర్కారు సంస్థనే నర్సులను జర్మనీకి పంపుతున్నది. వాళ్లు కూడ అడిగేది జీఎన్ఎం, బీఎస్సీలనే, జర్మన్ భాష వేరే నేర్చుకోవాలె. అది తర్వాత సంగతి.

నాన్ అటెండింగ్ సర్టిఫికెట్‌తోని ఇవన్నీ అయితయని ఆ మనిషి చెప్పిండా? నర్సుల రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆధార్‌తోని ముడిపడ్డది, దేశం మొత్తానికి ఒకే నంబరు, ఎన్‌యూఐడీ అంటరు. ఆ మూడేండ్లు నువ్వు ఆ రాష్ట్రంల చదివినట్టు కాగితం ఉంటది. అవే మూడేండ్లు కరీంనగర్ల మీ దవాఖాన మస్టర్ల నీ సంతకాలుంటయి, పీఎఫ్‌ల నీ పేరుంటది. ఒక్క మనిషి రెండు తావుల ఎట్ల ఉన్నదమ్మా అని వెరిఫికేషన్ల అడిగితే ఏం చెప్తవ్? అప్పటికి ఆ మనిషి ఫోన్ నంబరు కూడ మారిపోయి ఉంటది.

ఇదంతా కాగితాల ముచ్చట. నా అసలు బాధ వేరే ఉన్నది. మంచం మీద పడుకున్నోని దమ్ము ఇప్పుడు ఎవలు లెక్కపెడుతున్నరు బిడ్డా?

పోయిన నెల మీ బాపుకు జరమొచ్చి దవాఖానల పెట్టినప్పుడు నేను చార్టు చూసిన. పొద్దున 20. మధ్యాహ్నం 20. రాత్రి 20. తెల్లారి మళ్ల 20. కూసున్నా, లేచినా, జరం ఉన్నా దిగినా మనిషి నిమిషానికి ఇరవైసార్లే దమ్ము తీస్తడా? వేలికి తొడిగే మిషన్ నాడి చెప్తది, ఆక్సిజన్ చెప్తది. దమ్ము మనమే లెక్కపెట్టాలె, దానికి నిమిషం నిలబడాలె. ఆ నిమిషం నిలబడే ఓపిక ఎవలకూ లేదు, మీద నిలబెట్టే సిస్టరూ లేదు.

నేను నర్సుగ కొలువుల చేరిన కొత్తల మా వార్డుకు కేరళ సిస్టర్ ఒకామె ఉండె. తెలుగు సగం వచ్చేది, కోపం నిండ వచ్చేది. నైట్ డ్యూటీల పన్నెండింటికి, నాలుగింటికి ప్రతి మంచం కాడ తానే నిలబడి దమ్ము లెక్కపెట్టేది, తర్వాత నాతోని పెట్టించేది, రెండు లెక్కలు కలిసేదాక కదలనిచ్చేది కాదు. ఒకసారి బొగ్గు బాయిల బండ మీదపడి తొడ ఎముక ఇరిగిన ఫిల్లర్ ఒకాయన వచ్చిండు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టినం. మొదటి రోజు 18. ఆయన భార్య రోజూ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తెచ్చేది, తెచ్చినప్పుడల్ల సగం రొట్టె నా చేతుల పెట్టేది, వద్దంటే బాధపడేది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉన్నది. రెండో రాత్రి పన్నెండింటికి 24. జరం లేదు, నొప్పి ఎక్కువ లేదు, మనిషి మంచిగనే మాట్లాడుతున్నడు. నాలుగింటికి 34. సిస్టర్ చార్టు పక్కన పెట్టి డాక్టరును నిద్రలేపించింది. ఇరిగిన ఎముకల నుంచి కొవ్వు నెత్తుట్ల కలిసి ఊపిరితిత్తులకు పోతదని, పెద్ద ఎముక ఇరిగినోళ్లకు ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే ఆపద ఇదేనని ఆ రాత్రి డాక్టరు చెప్తే తెలిసింది. తెల్లారేసరికి ఆయన అటూ ఇటూ పలవరిస్తున్నడు, కానీ అప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నడు. బతికిండు. వాళ్ల కొడుకు ఇప్పుడు ఓపెన్ కాస్ట్‌ల పనిచేస్తున్నడు, బజార్ల కనిపిస్తే అమ్మా అంటడు.

మన తాత తట్టా చెమ్మస్‌తోని బొగ్గు ఎత్తే రోజులల్ల పని మొదలుపెట్టేముందు సబ్బలి తీసుకొని పైకప్పు కొట్టి చూసేటోడట. గట్టి సప్పుడయితే లోపలికి, డొల్ల సప్పుడయితే వెనక్కి. దమ్ము లెక్క మనకు అట్లాంటి సప్పుడు.

ఆక్సిజన్ మిషన్ మంచిగనే ఉన్నదని ధీమాగ ఉండకు. లోపల కష్టమయినప్పుడు మనిషి ముందు దమ్ము పెంచుతడు, పెంచి పెంచి ఆక్సిజన్‌ను నిలబెట్టుకుంటడు, అలిసినంకనే మిషన్ల అంకె పడిపోతది. షుగర్ ముదిరి నెత్తురు పులిసినోళ్లకు ఆక్సిజన్ 98 ఉంటది, దమ్ము లోతుగ, గబగబ కొడుతది. మిషన్ చూసి పోయినామెకు అది కనిపించదు. నువ్వు ఏఎన్ఎంగ పసిపిల్లలది నేర్చుకున్నవ్ గదా, రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40 దాటితే నిమోనియా అని అనుమానించాలె అని. పెద్దోళ్లకు నెమ్మదిగ ఉన్నప్పుడు 12 నుంచి 20. 25కు పోతుంటే ఎవలనన్న పిలువు. 30 దాటితే ఉరుకు. లెక్కపెడుతున్నట్టు రోగికి తెలిస్తే దమ్ము మారుస్తడు. అందుకని ఆయన చెయ్యి ఎత్తి ఆయన ఎదురురొమ్ము మీదనే పెట్టు, నాడి పట్టుకున్నట్టే ఉండు, కండ్లు మాత్రం రొమ్ము లేచి పడుడు మీద పెట్టు. పదిహేను సెకండ్లు చూసి నాలుగుతోని గుణించకు. నిండ నిమిషం. మన బొగ్గు బెల్టుల ఏండ్లకేండ్లు దుమ్ము మింగి రిటైరయిన ముసలోళ్లు ఎంతమంది! వాళ్ల దమ్ము ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటది. నిన్నటికి ఇయ్యాలటికి ఎంత పెరిగిందో చూసే మనిషి కావాలె వాళ్లకు.

పరీక్షలప్పుడే పోయి రాసొచ్చినామెకు ఇది ఎవలు నేర్పుతరు? మూడేండ్లు వార్డుల నిలబడితే కాళ్లు వాస్తయి, తిట్లు పడుతయి, రాత్రులు ఏడుపొస్తది. నీ కాళ్లు ఇప్పటికే వాస్తున్నయని మీ అమ్మ చెప్పింది, గోరువెచ్చని నీళ్లల్ల ఉప్పేసి పెట్టుకో, పడుకునేటప్పుడు కాళ్ల కింద మెత్త పెట్టుకో. కానీ ఆ మూడేండ్లు చేతులకు వచ్చే పని ఇంకెక్కడా రాదు. మీ అన్నతోని సెకండ్ల ముల్లున్న గడియారం కూడ పంపుతున్న. ఫోన్ చూసి లెక్కపెట్టకు, వార్డుల ఫోన్ తీస్తే మనసు దానిలకే పోతది.

పైసల గురించి భయపడుతున్నవ్, నాకు తెలుసు. సర్కారు నర్సింగ్ స్కూల్ల సీటు కోసమే ముందు పట్టుపట్టు. అక్కడ స్టైపెండ్ ఉన్నది. 2022ల పెంచినంక మొదటి ఏడు నెలకు 5,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 7,000. నీ జీతమంత కాకపోవచ్చు, నీ ఖర్చుకు సరిపోతది, ఇంటికి పంపేది నేను చూసుకుంట. నా పింఛను ఉన్నది, దాన్ని నాతోని కట్టుకొని పోయేది లేదు. ప్రైవేటుల చేరాల్సి వస్తే ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, మన రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు రెండూ ఈ ఏడాదికి ఉన్నయో లేదో చూసినంకనే రూపాయి కట్టు. పిల్లలను వార్డుల నిలబెట్టి నేర్పే పెద్ద దవాఖాన వాళ్లకు ఉన్నదా, ఎన్ని మంచాలు నిండి ఉన్నయి అని నువ్వే పోయి చూసిరా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవల చేతుల పెట్టకు. మీ దవాఖానోళ్లు పదో తరగతి మెమో పట్టుకున్నరట గదా, ముందు అది తెచ్చుకో.

పెండ్లి సంగతి మీ అమ్మతోని నేను మాట్లాడుత. మూడేండ్లల్ల ముంచుకపోయేది ఏమీ లేదు. నర్సుగ రిజిస్టరయిన పిల్లకు సంబంధాలు తక్కువయితయా?

ఆ మనిషికి వద్దని ఈ వారంలనే చెప్పు. ఒకవేళ నాకు తెల్వకుంట అడ్వాన్సు ఇచ్చి ఉంటే నాకొక్కదానికి ఫోన్ చెయ్, మీ బాపుకు చెప్పను, తిప్పి తెచ్చే పని నాది. జీఎన్ఎం నోటిఫికేషన్ పడంగనే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఏఎన్ఎం రిజిస్ట్రేషన్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తీసుకొని రెండు రోజులు సెలవు పెట్టి ఖనికి రా. దరఖాస్తు మనిద్దరం కూసొని నింపుదాం.

మీ
అత్తమ్మ